చాయ్ అంకుల్ ముఖం చాయ్‌పత్తాతో: ఇలా వస్తువులతో బొమ్మ పరిచి ఫొటో తీసే పని ఎవరైనా చేశారా?

గల్లీ_ఫొటో

అందరికీ నమస్తే. ఉండేది ముషీరాబాద్ వైపు. వారమంతా ఆఫీసు, ఆదివారం వచ్చిందంటే కెమెరా. బ్రెజిల్ కళాకారుడు విక్ మునీజ్ ఫొటోలు చూసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. చక్కెర, చాక్లెట్ సిరప్, కుట్టుదారం, దుమ్ము, చెత్త, ఇలాంటి వాటితో బొమ్మ పరిచి ఫొటో తీస్తాడు. తర్వాత ఆ సరుకును తీసేస్తాడు. గోడకెక్కేది ఫొటో ఒక్కటే. దూరం నుంచి చూస్తే ముఖం, దగ్గరికి వెళ్తే చక్కెర పలుకులు. మళ్లీ వెనక్కి వస్తే మళ్లీ ముఖం.

మా గల్లీ చివర ఇరానీ హోటల్లో చాయ్ పోసే అంకుల్ ఉన్నారు. నా చిన్నప్పటి నుంచి అదే కౌంటర్ వెనక చూస్తున్నాను. ఆయన ముఖాన్ని చాయ్‌పత్తాతో చేయాలని ఉంది. ఆ తర్వాత లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఒక ఆవిడను లక్క ముక్కలతో, మా వీధి ఊడ్చే అమ్మను ఆమె ఊడ్చిన చెత్తతోనే. ఎవరి చేతిలో రోజూ ఏ వస్తువు ఉంటుందో దానితోనే వాళ్ల ముఖం. అలా ఒక వరుస కట్టాలని ప్లాన్.

పొడి సరుకుతో ముఖంలో వెలుగునీడలు ఎలా తేవాలి? పైనుంచి తీసే ఫొటో వంకర లేకుండా ఎలా రావాలి? ఫోన్‌తో అవుతుందా, కెమెరానే కావాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

అద్దాల_మేడ

మంచి దారి పట్టారు. ఆర్ట్ హిస్టరీ చదువుకున్నదాన్ని కాబట్టి మునీజ్ గురించి నాలుగు మాటలు, మీ వరుసకు పనికొస్తాయి.

ఆయన 1961లో సావో పాలోలో పుట్టాడు. 1983లో అమెరికా వెళ్లి మొదట శిల్పాలు చేశాడు. వాటిని తీసిన ఫొటోలు శిల్పాల కంటే ఎక్కువ నచ్చడం మొదలైంది. అక్కడినుంచి ఫొటో కోసమే వస్తువు చేయడం మొదలుపెట్టాడు. ఇది ముఖ్యం. బొమ్మ అయిపోయాక గుర్తుకోసం తీసిన ఫొటో కాదు అది. మొదటి పలుకు పెట్టేటప్పుడే అది కెమెరా కంటికి ఎలా కనిపిస్తుందో ఆలోచించి పెడతాడు.

1996లో చేసిన చక్కెర పిల్లల వరుస చూశారా? కరీబియన్ దీవి సెయింట్ కిట్స్‌లో చెరకుతోటల్లో పనిచేసేవాళ్ల పిల్లలతో ఆయనకు స్నేహం కుదిరింది. పిల్లలు హుషారుగా, అల్లరిగా ఉన్నారు. తల్లిదండ్రులను చూస్తే అలిసిపోయి, బరువెక్కి ఉన్నారు. ఈ పిల్లల్లోని తీపి వాళ్లు పెద్దయ్యేలోపు ఎక్కడికి పోతోంది? ఆ ప్రశ్నతో న్యూయార్క్ వచ్చి, పిల్లల ముఖాలను నల్ల కాగితం మీద చక్కెరతో చేసి ఫొటో తీశాడు. అక్కడ చక్కెర ఆ బొమ్మ చెప్పే విషయమే. ఇంకో ఉదాహరణ, న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో పాత ప్రదర్శనల ఫొటోలను, ఆ మ్యూజియంలో ఊడ్చిన దుమ్ముతోనే మళ్లీ చేశాడు. దుమ్ము అక్కడిదే కాకపోతే ఆ పనికి అర్థమే లేదు.

అన్నీ అంత బరువైనవి కావు. 1997లో ఒక ప్లేటులో స్పగెట్టి, టమాటా సాసుతో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో గీసిన, పాముల జుట్టున్న మెడూసా ముఖం చేశాడు. చూస్తే నవ్వొస్తుంది, ఆకలీ వేస్తుంది. అది కూడా నాకు ఇష్టమే.

పాత_నెగెటివ్

తమ్ముడూ, నేను పాతకాలం స్టూడియో మనిషిని. పెయింటింగులు, దస్తావేజులు, మ్యాపులు కాపీ తీసే పని ఏళ్ల తరబడి చేశాను. నీకు కావాల్సింది దాదాపు అదే పని.

మొదట వంకర సంగతి. కెమెరా సెన్సర్ (లోపల బొమ్మ పడే పలక), బల్ల రెండూ సమాంతరంగా ఉండాలి. కంటి అంచనాతో కుదరదు. బొమ్మ మొదలుపెట్టకముందే బల్ల మీద, ఫ్రేము నట్టనడుమ చిన్న అద్దం పరిచి పెట్టు. ముఖం చూసుకునే మామూలు అద్దం చాలు. స్క్రీన్‌లో చూస్తే నీ లెన్సే నీకు కనిపిస్తుంది. ఆ లెన్స్ బొమ్మ సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా ట్రైపాడ్ తల సర్దు. వచ్చిందంటే వంకర పోయింది. తర్వాత ట్రైపాడ్ కాళ్ల చుట్టూ చాక్‌పీస్‌తో గుర్తు గీసి, పని అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

లెన్స్ 50 ఎంఎం చాలు, 100 మాక్రో ఉంటే ఇంకా మేలు. ఎపర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11, ఐఎస్‌ఓ 100, రెండు సెకన్ల టైమర్. ఫోన్‌తోనూ అవుతుంది గానీ వైడ్ లెన్స్ పెట్టకు, అంచులు సాగిపోతాయి. 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టి ఫోన్‌ను పైకి జరుపు.

అసలు కథ లైటులో ఉంది. పెయింటింగ్ కాపీకి రెండు పక్కలా 45 డిగ్రీల్లో సమానంగా రెండు లైట్లు పెడతాం. పొడితో చేసిన బొమ్మకు అది పనికిరాదు. నీడలు చచ్చిపోతాయి, చాయ్‌పత్తా కాస్తా గోధుమరంగు మరకలా తేలిపోతుంది. ఒక్కటే లైటు పెట్టు, పక్కనుంచి, దాదాపు బల్ల అంచు ఎత్తుకు దించి. అప్పుడు ప్రతి పలుకూ తన నీడతో లేచి నిలబడుతుంది. నీడలు మరీ నల్లబడితే ఎదురువైపు తెల్ల థర్మోకోల్ నిలబెట్టు. చాక్లెట్ సిరప్ లాంటి తడి సరుకైతే పైకప్పు, ట్యూబులైటు, నువ్వు అన్నీ అందులో కనిపిస్తాయి. గదిలో మిగతా లైట్లు ఆర్పి, కెమెరా చుట్టూ నల్లగుడ్డ కట్టి తగ్గించుకో. కానీ మెరుపంతా తీసేయకు, తడి అన్న సంగతి చెప్పేది ఆ మెరుపే.

ఫ్యాన్ ఆపేయ్. కిటికీ మూసేయ్. ఇంట్లో చిన్నపిల్లలుంటే గది గడియ పెట్టు.

ముగ్గు_చుక్క

నేను స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. పిల్లలతో రవ్వ, రాగిపిండి, నువ్వులతో బొమ్మలు వేయిస్తుంటాను కాబట్టి సరుకు గురించి చెప్తాను.

ముగ్గు వేసేటప్పుడు పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, ఆ రెంటినీ రాస్తూ వదులుతాం కదా. చెయ్యి నేలకు దగ్గరగా ఉంటే గీత సన్నగా పడుతుంది, కొంచెం ఎత్తితే వెడల్పుగా పరుచుకుంటుంది. ముఖంలో కనుబొమ్మలు, మీసం, పెదవి గీత అన్నీ ఆ చేతివాటంతోనే వస్తాయి. వేరే పనిముట్టు అక్కర్లేదు. కానీ చెంప మీద వెలుగు నుంచి నీడలోకి మెల్లగా జారే చోట వేళ్లు పనికిరావు. అక్కడ చిన్న టీ జల్లెడలో పొడి వేసుకుని, జల్లెడ అంచును వేలితో తట్టాలి. దగ్గర దగ్గరగా నాలుగు తట్లు తడితే ముదురు నీడ, చెయ్యి జరుపుతూ ఒక తట్టు తడితే లేత నీడ.

ముందు ఆ ముఖం ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి, నాలుగైదు మెట్లకు తగ్గించండి. పోస్టరైజ్ అనే ఆప్షన్ చాలా యాప్‌లలో ఉంటుంది. బొమ్మ సైజుకు ప్రింటు తీసి, ఒక్కో మెట్టుకు ఒక్కో అట్ట కత్తిరించుకోండి. అట్ట ఆనించకుండా కొంచెం ఎత్తులో పట్టుకుని చల్లితే అంచులు మెత్తగా వస్తాయి. కళ్లు చివర్లో. కంట్లో మెరుపు చుక్క కోసం పొడి వేయకూడదు, తీయాలి. కొద్దిగా తడిపిన ఇయర్‌బడ్ కొనను అక్కడ ఒక్కసారి ఆనించి ఎత్తండి, ఆ చోట తెల్ల చుక్క తేలుతుంది. అది వచ్చిన క్షణం ముఖం మనవైపు చూడటం మొదలుపెడుతుంది.

చాయ్‌పత్తా కొనేటప్పుడు డస్ట్, లీఫ్ రెండూ తీసుకోండి. డస్ట్ నల్లగా దట్టంగా పడుతుంది, లీఫ్ గరుకుగా ఉంటుంది, జుట్టుకు, గడ్డానికి బాగుంటుంది. మసాలా సరుకులు కావాలంటే బేగంబజార్‌కు వెళ్లండి, హోల్‌సేల్‌లో దొరుకుతాయి. కారంపొడితో చేస్తే మాస్కు పెట్టుకోండి. చక్కెర, ఉప్పుతో చేసే బొమ్మలు వానాకాలంలో పెట్టుకోవద్దు, తేమ పీల్చి ముద్దకడతాయి. చీమల బాధ ఉంటే బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టండి.

మూసీ_ఒడ్డు

సాంకేతిక విషయాలు బాగున్నాయి. కానీ మొదటి పోస్టులో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. వీధి ఊడ్చే అమ్మ ముఖాన్ని ఆమె ఊడ్చిన చెత్తతోనే చేస్తానన్నారు. ఎందుకు?

నేను జవహర్‌నగర్ డంప్‌యార్డు చుట్టుపక్కల చెత్త ఏరుకుని బతికేవాళ్ల మధ్య పనిచేస్తాను. వాళ్ల పిల్లల స్కూలు అడ్మిషన్లు, ఆరోగ్య కార్డులు, ఇలాంటి పనులు. ఊరు వాళ్లను ఇప్పటికే చెత్తతో కలిపే చూస్తోంది. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, 'చెత్తామె వచ్చింది' అంటారు. మన దేశంలో ఈ పని ఏ కులాల నెత్తిన పడిందో, ఎందుకు పడిందో అందరికీ తెలుసు. అలాంటి మనిషి ముఖాన్ని మళ్లీ చెత్తతో చేసి గ్యాలరీలో పెడితే, చూసేవాళ్లు ఏసీలో నిలబడి 'ఎంత బాగుందో' అంటారు. ఆమె దాన్ని తన కూతురికి చూపించుకోగలదా?

మునీజ్ పని నేనూ చూశాను. 2004లో సినిమా తారలను వజ్రాలతో చేశాడు. ఎలిజబెత్ టేలర్‌కు వజ్రాలు, చెత్త ఏరేవాళ్లకు చెత్త. ఆ లెక్క నాకు మింగుడుపడదు.

అద్దాల_మేడ

మూసీ_ఒడ్డు గారూ, మీ కోపం న్యాయమైనదే. అయితే ఆ చెత్త వరుస ఎలా జరిగిందో పూర్తిగా చెప్పుకోవాలి.

రియో పక్కన జర్దిమ్ గ్రమాషో అని ఒక చెత్తగుట్ట ఉండేది. ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో ఒకటి, 2012లో మూసేశారు. మునీజ్ అక్కడికి వెళ్లి, ఏరేవాళ్లతో చాలాకాలం కలిసి పనిచేశాడు. వాళ్ల సంఘం నాయకుడు తియావో, స్నానపు తొట్టిలో ప్రాణం విడిచిన విప్లవ నాయకుడు మరా భంగిమలో కూర్చున్నాడు. ఫ్రెంచ్ విప్లవకాలంలో, 1793లో చిత్రకారుడు దావీద్ వేసిన పెయింటింగ్ అది. ఆ ఫొటోను పెద్ద షెడ్డు నేల మీద పరిచి, తాము ఏరిన సీసాలు, టైర్లు, మూతలు, డబ్బాలు వాళ్లే తెచ్చి పేర్చారు. మునీజ్ పైన పరంజా మీదనుంచి చూస్తూ సూచనలిచ్చాడు. ఆ ఫొటో లండన్‌లో వేలానికి వెళ్లింది, వచ్చిన డబ్బు వాళ్ల సంఘానికే ఇచ్చారు. బొమ్మలో ఉన్నవాళ్లకు వాళ్ల ప్రింటులు ఫ్రేము కట్టించి ఇంటికి ఇచ్చారు. దీని మీద తీసిన 'వేస్ట్ ల్యాండ్' అనే డాక్యుమెంటరీ 2010లో వచ్చింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

ఆ వస్తువులను గమనించండి. ఏరేవాళ్లకు అది చెత్త కాదు. ఏ ప్లాస్టిక్‌కు ఎంత ధర, ఏ మూత ఏ సంచిలోకి, అంతా వాళ్లకు తెలిసిన సరుకు. తమ సరుకుతో తమ బొమ్మను తామే పేర్చుకున్నారు.

మూసీ_ఒడ్డు

వాళ్లే పేర్చారు, వాళ్ల సంఘానికి డబ్బు వెళ్లింది, ప్రింటు ఇంటికి వెళ్లింది. ఈ మూడు ఉంటే నేను సగం మాట వెనక్కి తీసుకుంటాను. మిగతా సగం ఇక్కడిది. బ్రెజిల్‌లో పేదరికం ఉంది, జాతి వివక్ష ఉంది. మన దగ్గర అంటు అనే ఇంకో మాట ఉంది. చెత్తతో ముఖం అన్నది ఇక్కడ ఇంకోలా తగులుతుంది.

కాబట్టి గల్లీ_ఫొటో తమ్ముడికి నేను చెప్పేది ఒక్కటే. వస్తువును నువ్వు తేల్చకు. నిన్ను దేనితో చెయ్యమంటావు అని వాళ్లను అడుగు. ఇంకోటి, కూర్చోబెట్టిన రోజు వాళ్ల కూలి పోతుంది. ఆ డబ్బు ఫొటో బాగొస్తే కాదు, ముందే ఇవ్వాలి. ప్రింటు అమ్ముడైతే వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి, తెలుగులోనో ఉర్దూలోనో, వాళ్లు చదవగలిగే భాషలో.

ఉప్పుగల్లు

నాకొక అనుమానం. ఈ రోజుల్లో ఏఐకి ఒక్క లైను రాస్తే 'చాయ్‌పత్తాతో చేసిన ముసలాయన ముఖం' క్షణాల్లో ఇచ్చేస్తుంది. ఎవరికీ తేడా తెలియదు. అలాంటప్పుడు ఇంత కష్టం దేనికి? వాదన కోసం అడగట్లేదు, నేను డిజైనర్‌ని, రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది.

ముగ్గు_చుక్క

తేడా చేసేవాళ్లకు తెలుస్తుంది. అది చిన్న విషయం కాదు.

సరుకు మన మాట వినదు. రవ్వ జారుతుంది, పసుపు అంటుకుంటుంది, ఆవాలు దొర్లిపోతాయి. ముక్కు పక్కన నీడ పెట్టబోతే అది చెంప మీదికి పాకుతుంది. దాన్ని తీసేద్దామా, ఉంచుదామా అని ఆగుతాం. ఉంచితే ఆ మనిషి ముఖంలో మనం ముందు గమనించని అలసట ఒకటి బయటపడుతుంది. గంటల తరబడి ఒక ముఖం మీద వంగి ఉంటే, ఆ మనిషి గురించి ఫొటో తీసినప్పుడు తెలియనివి తెలుస్తాయి. మా క్లాసులో ఒక పాప వాళ్ల నానమ్మను రాగిపిండితో చేసింది. ఇంటికెళ్లి నానమ్మ నుదుటి మీద గీతలు మళ్లీ చూసొచ్చి సరిచేసింది. ఏఐ ఆ పాపను ఇంటికి పంపదు కదా.

పాత_నెగెటివ్

ఉప్పుగల్లు గారూ, ఒక పాత సంగతి చెప్తాను. ఒకప్పుడు ఫొటో ప్రింటులోనే వంటింటి సరుకు ఉండేది. మన హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ (1844–1905) ప్రింటులు చూశారా? ఆ లేత గోధుమరంగు మెరుపు ఎక్కడిదనుకుంటున్నారు? కోడిగుడ్డు తెల్లసొన. దాన్ని ఉప్పు కలిపి గిలకొట్టి, కాగితానికి పూసి ఆరబెట్టి, తర్వాత సిల్వర్ నైట్రేట్ పట్టించి, నెగెటివ్ కింద పెట్టి ఎండలో ప్రింటు తీసేవారు. ఆల్బుమెన్ ప్రింటు అంటారు. నవాబుల దర్బారులు, షికార్లు, ఫలక్‌నుమా గదులు, చాలావరకు గుడ్డుసొన మీదే నిలిచాయి. ఆయన 1892లో ఇక్కడ జనానా స్టూడియో కూడా పెట్టాడు, పరదాలో ఉండే స్త్రీలకోసం. దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడ నడిపింది.

అందుకే వస్తువుకూ ఫొటోకూ మధ్య ఈ తమ్ముడు వెతుకుతున్న బంధం మన ఊరికి కొత్త కాదు.

ఉప్పుగల్లు

సార్, ఇది తెలియదు, థాంక్స్. పసుపుతో కూడా ప్రింటు తీయొచ్చని ఎక్కడో విన్నాను. నిజమేనా?

పాత_నెగెటివ్

నిజమే. ఆంథోటైప్ అంటారు. 1840లలో ఇంగ్లండ్‌లో జాన్ హెర్షెల్ పువ్వుల రసాలతో ఈ ప్రయోగాలు చేశాడు. పసుపును స్పిరిట్‌లో కలిపి వడకట్టి, ఆ రసం కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టాలి. దాని మీద పారదర్శక షీటు మీద తీసిన బొమ్మ పెట్టి, గాజుపలకతో అదిమి, మన ఏప్రిల్ ఎండలో పెడితే కొన్ని గంటల్లో వెలుగు తగిలిన చోట పసుపు వెలిసిపోతుంది. తర్వాత బోరాక్స్ నీళ్లలో ముంచితే మిగిలిన పసుపు ఎరుపు గోధుమరంగులోకి తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది చూడండి, ఇక్కడా అదే గుణం పనిచేస్తుంది. కాకపోతే ఈ ప్రింటు వెలుగులో పెడితే మెల్లగా పోతుంది. ఆల్బమ్‌లో దాచుకోవాల్సిందే.

గల్లీ_ఫొటో తమ్ముడూ, నువ్వు పసుపుతో బొమ్మ చేసినా ఇదే గుర్తుపెట్టుకో. రోజంతా కిటికీ ఎండలో వదిలేస్తే రంగు దిగిపోతుంది. అదేరోజు ఫొటో తీసెయ్యి.

గల్లీ_ఫొటో

అందరికీ పెద్ద థ్యాంక్స్. మూసీ_ఒడ్డు అన్నా, మీరన్నట్టే అంకుల్‌ని అడిగాను. జవాబు నేను ఊహించనిది.

హోటల్లో రద్దీ తగ్గాక, ప్లాన్ అంతా చెప్పి, చాయ్‌పత్తాతో చేస్తాను అన్నాను. ఆయన అక్కడే నిలబడి, 'పొద్దున నాలుగు నుంచి దాని వాసనే, మళ్లీ నా ముఖం కూడా దానితోనేనా' అన్నారు. మరి దేనితో అంటే కాసేపు ఆలోచించి, గాజు సీసా మూత తీసి ఒక ఉస్మానియా బిస్కెట్ నా చేతిలో పెట్టారు. పన్నెండేళ్ల వయసులో ఆయన ఈ నగరానికి వచ్చిన రోజు, మొదట తిన్నది ఆ బిస్కెట్టేనట. పని ఇచ్చిన పాత యజమాని తినమని పెట్టాడట. ఇన్నేళ్లలో ఈ మాట నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక బిస్కెట్‌తో పని. పైభాగం ఓవెన్ వేడికి కాలి ముదురు గోధుమరంగులో ఉంటుంది, లోపల లేత వెన్నరంగు. అంటే ఒక్క బిస్కెట్‌లోనే రెండు మెట్లు ఉన్నాయి. పైపొరను కొబ్బరి తురిమే చిన్న తురుముతో మెల్లగా గీకి ఒక డబ్బాలో, లోపలిది వేరే డబ్బాలో. ఒక్కోదాన్ని మళ్లీ రెండు జల్లెడలు పట్టాను. సన్న పొడి చర్మానికి, బరక ముక్కలు గడ్డానికి, జుట్టుకు. ముందు చిన్న కాగితం మీద కొంచెం చల్లి పక్కన పెట్టి చూస్తే, సాయంత్రానికి చుట్టూ నూనె మరక. వెన్న కదా. అందుకే బల్ల మీద ముదురు నీలం చార్టు పరిచి, దాని మీద గాజుపలక పెట్టి, ఆ గాజు మీద బొమ్మ వేశాను. నూనె కాగితానికి తగలదు, పైగా పక్కనుంచి లైటు వేస్తే పొడి నీడ గాజు కింద చార్టు మీద పడి, ముఖం కొద్దిగా గాల్లో తేలినట్టుంటుంది. పాత_నెగెటివ్ సార్ చెప్పిన అద్దం కిటుకుతో కెమెరా నిలబెట్టాను, అంచులు తిన్నగా వచ్చాయి.

ముదురు నీలం మీద చేస్తున్నాను కాబట్టి నీడ ఉన్నచోట పొడి వేయకూడదు, వెలుగు ఉన్నచోట వేయాలి. ముగ్గు_చుక్క అక్కా, మీ జల్లెడ తట్టే పద్ధతి ఇక్కడ తిరగేసి వాడాను. చెంప ఎముక మీద దట్టంగా, దవడ కిందికి పలచగా. కంట్లో చుక్క కోసం తీయడం కాదు, లోపలి భాగం నుంచి ఒకే ఒక్క తెల్లటి పలుకు టూత్‌పిక్ కొనతో పెట్టాను.

అంకుల్ వచ్చి చూశారు. చాలాసేపు వంగి చూసి, చెవి దగ్గర ఇంకొంచెం వెయ్యి, నాకు చెవులు పెద్దవి అన్నారు. వేళ్లతో ఆయనే వేశారు. ఆ ముక్కలు నా చేతివాటం కంటే బరకగా పడ్డాయి. ఫొటోలో అలాగే ఉంచాను.

ఇప్పుడు ప్రింటు సంగతి చెప్పండి. 24 మెగాపిక్సెల్ కెమెరా. ఎంత పెద్దది తీయొచ్చు?

మూసీ_ఒడ్డు

ఆ చెవి ఉన్న చోట ఆయన పేరు కూడా ఉండాలి తమ్ముడూ. బొమ్మ కింద ఇద్దరి పేర్లూ వెయ్యి. వీధి ఊడ్చే అమ్మ దగ్గరికి వెళ్లేటప్పుడు నన్ను పిలువు, ఆమె ఒప్పుకుంటేనే వస్తాను.

ప్రింటు_పని

ఫైన్ ఆర్ట్ ప్రింటింగ్ నా పని కాబట్టి చెప్తున్నా. 24 మెగాపిక్సెల్ అంటే దాదాపు 6000 x 4000 పిక్సెళ్లు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 20 x 13 అంగుళాలు వస్తుంది, 200కు దించితే 30 x 20. గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు 200 సరిపోతుంది. కానీ మీ బొమ్మను జనం దగ్గరికి వెళ్లి చూడాలి, ఆ పలుకులు బిస్కెట్ అని అక్కడే తెలియాలి. దగ్గరికి వెళ్లినప్పుడు పలుకు మసకబారితే పనంతా పోయినట్టే. అందుకే తర్వాతి బొమ్మలకు ఒకే షాట్ వద్దు. కెమెరాను బొమ్మకు దగ్గరగా దించి, సమాంతరంగా జరుపుతూ ఆరో ఎనిమిదో ముక్కలుగా తీసి, ఒక్కో ముక్క పక్కదానితో మూడోవంతు కలిసేలా చూసుకుని, సాఫ్ట్‌వేర్‌లో కుట్టండి. లైటు మాత్రం కదలకూడదు, కదిలితే నీడల దిశ మారి అతుకు దొరికిపోతుంది. అప్పుడు నాలుగడుగుల ప్రింటు తీసినా పలుకు పలుకుగా ఉంటుంది. పలుకు అసలు సైజు కంటే పెద్దదిగా కనిపించాలి, అప్పుడే చూసేవాళ్లు ఇదేమిటని ఆగుతారు.

కాగితం కాటన్ ర్యాగ్ (పత్తితో చేసింది), మెరుపులేని మ్యాట్. గ్లాసీ వద్దు, పొడి గరుకుదనం పోతుంది. పిగ్మెంట్ ఇంకు అడగండి. నీలం చార్టు రంగు మారకుండా ఉండాలంటే బొమ్మ పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి ఒక షాట్ తీసుకోండి.

ఎక్కడ పెడుతున్నారు?

గల్లీ_ఫొటో

మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలోనో, బంజారాహిల్స్ లామకాన్‌లోనో అడుగుదామని మొదట అనుకున్నాను. వరుస పూర్తయ్యాక అడుగుతాను. అంకుల్ బొమ్మ మాత్రం ముందు హోటల్లోనే పెట్టాలి, కౌంటర్ పక్క గోడ మీద. యజమాని సరేనన్నారు. కాకపోతే అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా ఆవిరి, సమోసా నూనె పొగ.

ప్రింటు_పని

అలాంటి చోట కాటన్ కాగితం తెరిచి పెట్టకండి, నెలల్లో పసుపెక్కుతుంది. ముందు యాక్రిలిక్ షీటు, కాగితానికీ షీటుకూ మధ్య సన్న గ్యాప్ ఉండేలా లోపల అట్ట బోర్డర్, వెనక అల్యూమినియం కాంపోజిట్ షీటు. ఫ్రేము వెనక అంచులన్నీ టేపుతో మూసేయాలి. గోడకు ఆనించకుండా కింద రెండు రబ్బరు బుడిపెలు పెడితే తడి ఎక్కదు. దుమ్ము తుడవడానికి మెత్తటి పొడిగుడ్డ చాలు, స్పిరిట్ వాడొద్దని హోటల్ వాళ్లకు చెప్పండి, యాక్రిలిక్ పగుళ్లు ఇస్తుంది. ఆ గోడ ఖాళీ ఎంతుందో టేపుతో కొలిచి, వెడల్పు ఎత్తు రెండూ ఇక్కడ పెట్టండి. దాన్నిబట్టి ప్రింటు సైజు, బోర్డర్ ఎంత వదలాలో చెప్తాను.

పాత_నెగెటివ్

కౌంటర్ పైన ట్యూబులైటు ఎటువైపు ఉందో కూడా చూడు తమ్ముడూ. యాక్రిలిక్ మీద దాని గీత సరిగ్గా అంకుల్ ముఖం మీద పడితే ఎవరికీ కనిపించదు. ఫ్రేము పైఅంచును గోడనుంచి వేలెడు ముందుకు వంచి తగిలించు, మెరుపు నేలవైపు దిగిపోతుంది.